వచ్చిన చదువుకు మళ్లీ సెమిస్టరా?

నలభయ్యో ఏట డిగ్రీలో చేరే మనిషి అప్పటికే ఇరవై ఏళ్లు ఏదో ఒక పని చేసి ఉంటుంది. ఆ పనిలో నేర్చుకున్నదాంట్లో కొంత, కాలేజీ సిలబస్‌లో ఉన్నదే అయి ఉండొచ్చు. దాన్ని పరీక్షించి క్రెడిట్లుగా జమ చేయాలా, అందరితోపాటు మొదటి సెమిస్టర్ మొదటి పాఠం దగ్గర కూర్చోబెట్టాలా? 2020 జాతీయ విద్యావిధానం, 2021లో యూజీసీ తెచ్చిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్, 2023లో వచ్చిన నేషనల్ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ కలిసి ఈ ప్రశ్నను మన కాలేజీల గుమ్మంలోకి తెచ్చాయి. దీని మీద ఇద్దరి వాదన ఇక్కడ ఇస్తున్నాను. ఒకరు గుంటూరు జిల్లాలో ముప్పై ఏళ్లకు పైగా కామర్స్ చెప్పి రిటైరైన అధ్యాపకుడు. రెండో వ్యక్తి ఆయన మేనకోడలు, దూరవిద్య స్టడీ సెంటర్‌లో ఆదివారాలు క్లాసులు చెప్పే కౌన్సెలర్. డ్వాక్రా గ్రామ సంఘంలో ఏళ్ల తరబడి లెక్కలు రాసిన ఒక వీవోఏ (గ్రామ సంఘం సహాయకురాలు) బీకాంలో చేరడానికి రావడంతో ఈ మాటలు మొదలయ్యాయి.

మామయ్య: పని చేసిన ఏళ్లు చూపించి మార్కులు అడిగితే ఎలాగమ్మా? డిగ్రీ అంటే విశ్వవిద్యాలయం లోకానికి ఇచ్చే పూచీ. ఈ మనిషికి ఈ విషయాలు వచ్చు, మేం పరీక్షించి చూశాం అని సంతకం పెట్టి చెబుతుంది. పరీక్షించకుండా పెట్టిన సంతకానికి విలువేముంది?

మేనకోడలు: ఏళ్లకు మార్కులు ఇవ్వమని నేనూ అడగడం లేదు మామయ్యా. ఒకే పని ఇరవై ఏళ్లు చేసినా కొత్తగా ఏమీ నేర్చుకోనివాళ్లు ఉంటారు. రెండేళ్లలోనే ఎంతో నేర్చుకునేవాళ్లూ ఉంటారు. అందుకే నేను అనుభవాన్ని లెక్కలోకి తీసుకోమనడం లేదు. ఆ అనుభవంలో వచ్చిన చదువును పరీక్షించమంటున్నాను. పరీక్షించడానికే ఒప్పుకోకపోవడం నాకు అన్యాయంగా కనిపిస్తోంది.

మామయ్య: సరే, ఆ అమ్మాయినే తీసుకుందాం. బీకాం మొదటి సెమిస్టర్‌లో ఫైనాన్షియల్ అకౌంటింగ్ పేపరు ఉంది. అందులో ఆమెకు ఏం వచ్చు?

మేనకోడలు: నగదు పుస్తకం రాయడం వచ్చు. పొదుపు, అప్పుల లెడ్జర్లు సభ్యురాలి వారీగా నడపడం వచ్చు. తగ్గుతూ పోయే నిల్వ మీద వడ్డీ కట్టడం వచ్చు. బ్యాంకు పాస్‌బుక్కుకీ, తన నగదు పుస్తకానికీ తేడా వస్తే ఏ చెక్కు ఇంకా బ్యాంకులో పడలేదో, ఏ వడ్డీ తను రాసుకోలేదో వెతికి పట్టుకుంటుంది. మీరు క్లాసులో బ్యాంకు నిల్వల సమన్వయ పట్టిక అని చెప్పే పాఠం అదే. నెలాఖరున వసూళ్లు, చెల్లింపుల ఖాతా తీస్తుంది. సంఘాలకు పెట్టిన పంచసూత్రాల్లో పుస్తక నిర్వహణ ఒకటి. ఆ పుస్తకాలు చూసే బ్యాంకు అప్పు ఇస్తుంది. ఆమె లెక్క తప్పితే మీ క్లాసులోలాగా రెండు మార్కులు పోవు, పదిమంది ఆడవాళ్లకు అప్పు ఆగిపోతుంది.

మామయ్య: తరుగుదల తెలుసా?

మేనకోడలు: తెలియదు.

మామయ్య: ఈ నెలలో రావలసిన వడ్డీ వచ్చే నెల చేతికొస్తే, అది ఏ నెల ఆదాయం?

మేనకోడలు: డబ్బు చేతికొచ్చిన నెలదే అంటుంది. ఆమె నేర్చుకున్నది నగదు పద్ధతి. రావలసినది, ఇవ్వవలసినది లెక్కలోకి తెచ్చే పద్ధతి ఆమె ఎరగదు. అంకణా ఎందుకు సరిపోవాలో, ఆస్తి అప్పుల పట్టీ ఎలా తయారవుతుందో తెలియదు.

మామయ్య: మరి? సగం పేపరు వచ్చినవాళ్లకు పూర్తి పేపరు క్రెడిట్ ఎలా ఇస్తావు?

మేనకోడలు: ఇవ్వను. వచ్చిన సగం ఏదో, రాని సగం ఏదో కాగితం మీద పెడతాను. రాని సగానికి నాలుగు ఆదివారాలు క్లాసు పెట్టి, తర్వాత అందరూ రాసే పరీక్షే రాయిస్తాను. ఆమె మిగుల్చుకునేది రెండు నెలల సమయం. పొద్దున పొలం, మధ్యాహ్నం సంఘం, సాయంత్రం ఇల్లు చూసుకునే మనిషికి రెండు నెలలు చిన్నవి కావు. పదిహేనేళ్లుగా లెక్కలు రాస్తున్న మనిషిని కూర్చోబెట్టి చిట్టా అంటే ఏమిటో చెబితే, మూడో ఆదివారం నుంచి రావడం మానేస్తుంది. మా సెంటర్‌లో పెద్దవాళ్లు ఎక్కువగా ఆగిపోయేది అక్కడే.

మామయ్య: నువ్వు చెప్పే పద్ధతి వేరు, ప్రభుత్వం రాసిన పద్ధతి వేరు. క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ నేనూ చదివాను. 30 గంటల అభ్యాసం ఒక క్రెడిట్, ఏడాదికి 1200 గంటలు, 40 క్రెడిట్లు. అంతవరకు బాగానే ఉంది. ఆ తర్వాత అనుభవానికి గుణకాలు పెట్టారు. ఒకటి నుంచి నాలుగేళ్ల అనుభవం ఉంటే 1.33, ఏడేళ్ల వరకు 1.67, ఏడేళ్లు దాటితే 2. అంటే ఏడేళ్లకు మించి ఉద్యోగం చేసినవాడి క్రెడిట్లు రెట్టింపవుతాయి. నువ్వు వద్దన్న ఏళ్ల లెక్కే కదా ఇది?

మేనకోడలు: ఆ గుణకాన్ని నేనూ సమర్థించను మామయ్యా. అది ముందుగా మదింపు చేసిన క్రెడిట్ల మీదే పడుతుందని వాళ్లు చెప్పొచ్చు. అయినా ఏడేళ్లు నిండిన రోజున మనిషి బుర్రలోని చదువు రెట్టింపు కాదు. అదే వీవోఏ ఎనిమిదో ఏట తరుగుదల నేర్చుకుని ఉంటే ఆ క్రెడిట్ ఇద్దాం, నేర్చుకోకపోతే వద్దు. ఏళ్లు లెక్కపెట్టడం సులభం, చదువును తూచడం కష్టం. సులభమైన దారి దొరికితే కాలేజీలు కష్టమైన దారిని వదిలేస్తాయి. నా భయమూ అదే.

మామయ్య: అయితే ఇంక వాదన ఎందుకు?

మేనకోడలు: గుణకం తప్పు కాబట్టి మొత్తం ఆలోచనే తప్పని మీరంటున్నారు కాబట్టి. దీన్ని సరిగ్గా చేసిన చోట్లు ఉన్నాయి. అమెరికాలో రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు 1944 చట్టం సాయంతో లక్షల సంఖ్యలో కాలేజీల్లో చేరారు. సైన్యంలో నేర్చుకున్న రేడియో, యంత్రాలు, వైద్య సాయం వంటివాటిలో ఏది కాలేజీ స్థాయి చదువో చూసి సిఫార్సు చేసే పనిని అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ తలకెత్తుకుంది. 1967లో కాలేజ్ బోర్డు క్లెప్ పరీక్షలు మొదలుపెట్టింది. క్లాసుకు రాకుండా నేరుగా పేపరు రాయొచ్చు. 20 నుంచి 80 వరకు ఉండే స్కోరులో 50 వస్తే క్రెడిట్ ఇవ్వొచ్చని సిఫార్సు. ఇవ్వాలా వద్దా అన్నది మాత్రం ఆ కాలేజీ ఇష్టం.

మామయ్య: పరీక్ష పెట్టి ఇస్తే నాకు పేచీ లేదు. మన దగ్గర మాత్రం లేదా? పాలిటెక్నిక్ డిప్లొమా చేసినవాళ్లు ఈసెట్ రాసి ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో చేరుతున్నారు. జీఎన్ఎం చేసిన నర్సులు రెండేళ్లలో పోస్ట్ బేసిక్ బీఎస్సీ పూర్తి చేస్తున్నారు. మా తరంలో మెట్రిక్ నుంచి ఎం.ఏ. దాకా ప్రైవేటుగా కట్టి ప్యాసైనవాళ్లు ఎంతమందో. వాళ్లు ఏ క్లాసులోనూ కూర్చోలేదు. అయితే పేపరు మాత్రం అందరిదే రాశారు.

మేనకోడలు: మీరే నా వాదన చెప్పారు. ఈసెట్ వచ్చిన పిల్లాణ్ణి మొదటి ఏడాది మళ్లీ చదవమని ఎవరూ అనడం లేదు. కాకపోతే అతని చదువుకు కాగితం ఉంది, వీవోఏ చదువుకు లేదు. కాగితం లేని చదువును కూడా పరీక్షించమంటున్నాను. ప్రైవేటుగా కట్టే అవకాశం ఇప్పుడు సెమిస్టర్లు, హాజరు, ఇంటర్నల్ మార్కులు వచ్చాక దాదాపు మూసుకుపోయింది. ఒకప్పుడు తెరిచి ఉన్న తలుపు అది. మనం కొత్తగా ఏదో అడుగుతున్నట్టు ఎందుకు అనుకోవాలి?

మామయ్య: పరీక్షకు ఒప్పుకున్నాను. కానీ చేసిన పనుల రుజువులతో పెట్టిన ఫైలు చూసి క్రెడిట్ ఇచ్చే పద్ధతి కూడా ఉందంటారు. అక్కడే నాకు నమ్మకం లేదు. ఫైలు ఎవరైనా రాసిపెడతారు. డబ్బిస్తే ప్రాజెక్టు రిపోర్టులు బైండింగ్ చేసి ఇచ్చే దుకాణాలు ప్రతి యూనివర్సిటీ ఎదుటా ఉన్నాయి.

మేనకోడలు: ఫైలు ఒక్కటే చూసి ఇస్తే మోసం జరుగుతుంది, నిజమే. ఫ్రాన్సు 2002 జనవరి చట్టంతో పెట్టిన పద్ధతి చూడండి. పనిచేసిన మనిషి తన పనిని, అందులో నేర్చుకున్నదాన్ని వివరంగా రాస్తుంది. ఆ తర్వాత జ్యూరీ ముందు నిలబడాలి. ఆ జ్యూరీలో పాఠం చెప్పేవాళ్లూ ఉంటారు, అదే వృత్తిలో ఉన్నవాళ్లూ ఉంటారు. వాళ్లు పూర్తి డిప్లొమా ఇవ్వొచ్చు, కొంత భాగమే ఇచ్చి మిగతాది చదువుకుని రమ్మనొచ్చు, ఏమీ లేదని పంపేయొచ్చు. ఫైలు కొనుక్కోవచ్చు, కానీ రెండు ప్రశ్నలు వేస్తే కొనుక్కున్న సంగతి బయటపడుతుంది. మీరిప్పుడు ఆమెను అడిగినట్టే. రెండే ప్రశ్నల్లో ఆమెకు ఏది వచ్చో, ఏది రాదో మీకు తెలిసిపోలేదా?

మామయ్య: తెలిసింది. ఎందుకంటే నాకు ఆ సబ్జెక్టు తెలుసు, ఆమె ప్యాసైతే నాకొచ్చే లాభమేమీ లేదు. ఫీజు మీద బతికే కాలేజీకి ఈ మదింపు అప్పగిస్తే? ఒక్కో క్రెడిట్‌కు ఇంత అని రేటు పెడుతుంది. ఎక్కువ క్రెడిట్లు ఇస్తే ఎక్కువ డబ్బు. కొద్ది గంటల ఓరియంటేషన్, ఒక ఫొటో, ఒక సర్టిఫికెట్ అన్నట్టు నడిచిన నైపుణ్య శిక్షణలు మనం చూడలేదా?

మేనకోడలు: ఈ ప్రమాదాన్ని ముందే చూసినవాళ్లు ఉన్నారు. అమెరికాలో 1974లో కాయెల్ అనే సంస్థ మొదలైంది. పెద్దల అనుభవ విద్యను ఎలా మదింపు చేయాలో అది కొన్ని ప్రమాణాలు పెట్టింది. క్రెడిట్ నేర్చుకున్నదానికే గాని అనుభవానికి కాదు అన్నది మొదటిది. ఫీజు మదింపు చేసిన పనికే గాని, ఇచ్చిన క్రెడిట్ల సంఖ్యను బట్టి కాదు అన్నది ఇంకొకటి. అంటే ప్యాసైనా ఫెయిలైనా ఫీజు ఒక్కటే. మదింపు చేసేవాళ్లు ఆ సబ్జెక్టు తెలిసినవాళ్లే అయి ఉండాలి. ఈ మూడూ మన నిబంధనల్లో రాసి, కచ్చితంగా అమలు చేస్తే మీరు చెప్పిన దుకాణం తెరవడానికే వీలుండదు.

మామయ్య: చట్టం సంగతి కూడా మరిచిపోకు. ముందు డిగ్రీ లేకుండా దూరవిద్యలో తెచ్చుకున్న పీజీని 2009లో అన్నామలై విశ్వవిద్యాలయం కేసులో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఆ పట్టా చేతికిచ్చిన రోజున సంతోషించిన మనిషి ఉద్యోగం దగ్గరికొచ్చేసరికి ఏమయ్యాడు? నువ్వు ఈ ఆడమనిషికి ఇచ్చే క్రెడిట్ రేపు ఏ గ్రూప్ పరీక్ష దరఖాస్తు దగ్గరో చెల్లదంటే, ఆమెకు నువ్వు మేలు చేసినట్టా, కీడు చేసినట్టా?

మేనకోడలు: ఆ మాట నేను తీసుకుంటాను. అందుకే ఏ కౌన్సెలరో దయతలచి ఇచ్చే పని కాకూడదు ఇది. విశ్వవిద్యాలయం తన ఆర్డినెన్స్‌లో రాసుకోవాలి. ఏ పేపర్లకు ఇస్తారు, ఎంతవరకు ఇస్తారు, ఎవరు మదింపు చేస్తారు అన్నది ముందే అచ్చులో ఉండాలి. మార్కుల జాబితాలో కూడా ఈ క్రెడిట్ మదింపు ద్వారా వచ్చిందని ఉన్నదున్నట్టు రాయాలి. దాచిపెట్టిన గుర్తింపు ఎవరికీ మేలు చేయదు.

మామయ్య: ఇంకో మాట. ఇది నాకు అన్నింటికంటే ముఖ్యం. పని మనకు అవసరమైనంతవరకే నేర్పుతుంది. వీవోఏకు తరుగుదల తెలియకపోవడం ఆమె తప్పు కాదు. సంఘానికి బీరువా, కుర్చీలు తప్ప ఆస్తులు లేవు, ఆ లెక్క ఎప్పుడూ అవసరపడలేదు. మనకు అవసరమని మనకే తెలియని సంగతులు నేర్పడానికి కదా కాలేజీ? ఆర్థికశాస్త్రం ఎందుకు, వాణిజ్య చట్టం ఎందుకు అని పనిలో ఉన్న మనిషి అడగొచ్చు. వాటిని చదివాక గాని అవి ఎందుకో తెలియదు.

మేనకోడలు: దీనికి నా దగ్గర ఎదురు వాదన లేదు, ఒప్పుకుంటున్నాను. అందుకే డిగ్రీ మొత్తాన్ని మదింపుతో ఇవ్వకూడదు. మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు. అందులో ఒక పరిమితి పెడదాం. మిగతావి అందరితోపాటు చదవాల్సిందే. ఆమెకు మిగిలిన సమయం వాణిజ్య చట్టానికే పోవాలి. తెలిసినదాన్ని మళ్లీ వినే చోట పెట్టిన ప్రతి గంటా, తెలియనిదాన్ని నేర్చుకునే గంటను తినేస్తుంది. ఇక్కడ మీ లక్ష్యం, నా లక్ష్యం ఒకటే.

మామయ్య: పరిమితి ఎంత?

మేనకోడలు: మూడో వంతు అనుకుందాం. దేశంలో ఇంతకంటే ఎక్కువ ఇచ్చిన ఉదాహరణ ఉంది. అగ్నివీరుల కోసం 2022లో ఇగ్నో ద్వారా ప్రకటించిన డిగ్రీలో సగం క్రెడిట్లు సైన్యంలో పొందిన శిక్షణకే ఇస్తామన్నారు. నాలుగేళ్లు సైన్యంలో నేర్చుకున్నదానికి సగం డిగ్రీ ఇవ్వగలిగిన దేశం, పదిహేనేళ్లు పల్లె ఆడవాళ్ల అప్పుల లెక్క చూసిన మనిషికి ఒక్క పేపరైనా పరీక్షించి ఇవ్వలేదా? మరో సంగతి. 2022లోనే యూజీసీ ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ మార్గదర్శకాలు ఇచ్చింది. తమ రంగంలో 15 ఏళ్ల అనుభవం, గొప్ప పేరు ఉన్నవాళ్లు డిగ్రీలు లేకున్నా విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పొచ్చు. అదే మనిషి చదువుకోవడానికి వస్తే మాత్రం ఆ 15 ఏళ్లు సున్నా. బల్లకు ఆ వైపు నిలబడితే పనికొచ్చిన చదువు, ఈ వైపు కూర్చుంటే ఎందుకు పనికిరాదు?

మామయ్య: ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ తనకు తెలిసిన ఒక్క విషయం చెప్పి వెళ్లిపోతాడు. ఆయనకు ఆర్థికశాస్త్రం రాకపోయినా ఫరవాలేదు. డిగ్రీ తీసుకునే మనిషికి అలా కుదరదు. అయితే, ఆ ఒక్క విషయం వరకు ఆయనను నమ్ముతున్నాం కాబట్టి, ఆ ఒక్క విషయం వరకు ఈమెను పరీక్షించమనడంలో న్యాయం ఉంది. అంతవరకు ఒప్పుకుంటాను.

మేనకోడలు: ఇలా క్రెడిట్ ఇస్తే పెద్దలు చదువు పూర్తి చేస్తారా అని కూడా చూశారు. 2020లో అమెరికాలో 72 కాలేజీల్లో రెండు లక్షల ముప్పై వేల మందికి పైగా వయోజన విద్యార్థుల రికార్డులు పరిశీలించారు. ముందే నేర్చుకున్నదానికి క్రెడిట్ పొందినవాళ్లలో 49 శాతం చదువు పూర్తి చేశారు. పొందనివాళ్లలో 27 శాతమే.

మామయ్య: ఆ లెక్క అలా చెప్పకూడదు. క్రెడిట్ తెచ్చుకోగలిగినవాళ్లు ముందే చురుకైనవాళ్లు అయి ఉంటారు. వాళ్లు ఎలాగైనా పూర్తి చేసేవాళ్లే.

మేనకోడలు: ఆ తేడాలు లెక్కలోకి తీసుకున్నాక కూడా లాభం మిగిలింది, కాకపోతే తగ్గింది. నా బాధ ఇంకొకటి. ఆ కాలేజీల్లో కూడా ఇలాంటి క్రెడిట్ దక్కింది నూటికి 11 మందికే. నిబంధన ఉండి కూడా మిగతావాళ్లకు అందలేదు. అక్కడే అలా ఉంటే, ఇక్కడ స్టడీ సెంటర్ కౌంటర్ దగ్గర ఈ అవకాశం ఉందని ఎవరు చెబుతారు?

మామయ్య: చెప్పడం తర్వాత. చేసేదెవరు? సగం పోస్టులు ఖాళీగా పెట్టి గెస్ట్ లెక్చరర్లతో నడిపే కాలేజీల్లో, ఒక్కో విద్యార్థి ఫైలు చదివి, గంటసేపు ప్రశ్నలు వేసి, వచ్చింది ఇది, రానిది ఇది అని రాసిపెట్టే తీరిక ఎవరికుంది? తీరిక లేనివాడికి ఈ పని అప్పగిస్తే రెండే జరుగుతాయి. అందరికీ ఇచ్చేస్తాడు, లేదా ఎవరికీ ఇవ్వడు.

మేనకోడలు: ఇప్పుడు మీరు అసలు చోటికి వచ్చారు. ఈ మొత్తం వ్యవహారం అధ్యాపకుడి మీద నిలబడింది. పేపర్లు దిద్దినందుకు రెమ్యూనరేషన్ ఇస్తున్నట్టే మదింపుకూ ఇవ్వాలి. ఒక్కొక్కరి చేతిలో పెట్టకుండా ఇద్దరిని కూర్చోబెట్టాలి. మీలాంటి రిటైరైన మాస్టార్లు ప్రతి జిల్లాలోనూ ఉన్నారు. వాళ్లకు సబ్జెక్టు తెలుసు, లాభం ఆశించరు, తీరిక ఉంది. వాళ్లను పిలవండి.

మామయ్య: 1982లో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు నేను కొత్త లెక్చరర్ని. దేశంలో అదే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. ఇంటర్ సర్టిఫికెట్ లేకున్నా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరొచ్చన్నారు. మా స్టాఫ్‌రూమ్‌లో అందరం డిగ్రీ విలువ పోయిందనే అన్నాం. మొదటి వైస్‌చాన్సలర్ జి. రాంరెడ్డి గారు ఆ తర్వాత 1985లో ఇగ్నోకు కూడా మొదటి వైస్‌చాన్సలర్ అయ్యారు. ఇప్పుడు అంబేడ్కర్ పేరుతో ఉన్న ఆ విశ్వవిద్యాలయంలో చదివి టీచర్లు, ఆఫీసర్లు అయినవాళ్లు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. డిగ్రీ విలువ పోలేదు. ఎందుకంటే లోపలికి రావడానికి దారి వెడల్పు చేశారు గాని, బయటికి వెళ్లే పరీక్షను తేలిక చేయలేదు.

మేనకోడలు: ఆ అర్హత పరీక్ష కూడా ముందే నేర్చుకున్నదాన్ని గుర్తించడమే కదా మామయ్యా. బడికి పోని మనిషి బతుకులో నేర్చుకున్న చదువును ఒక పరీక్షతో ఒప్పుకున్నారు. తలుపు దగ్గర చేసిన పనిని తలుపు దాటాక కూడా చేయమంటున్నాను.

మామయ్య: అయితే నా షరతులు విను. మొదటి అయిదేళ్లు పరీక్ష ద్వారానే ఇవ్వండి. సెమిస్టర్ పేపరే, అదే ప్యాసు మార్కు, క్లాసు హాజరు మాత్రం అడగొద్దు. ఫైలు, మౌఖిక పరీక్ష పద్ధతిని కొన్ని పేపర్లకే పెట్టి చూడండి. ఏళ్ల గుణకాన్ని డిగ్రీలోకి రానివ్వొద్దు. ఫీజు ఫలితాన్ని బట్టి ఉండకూడదు.

మేనకోడలు: అయిదేళ్లు అన్నదొక్కటే నాకు ఎక్కువ. చేత్తో చేసే పనుల్లో కొంత చదువు రాత పరీక్షలో కనిపించదు. పోచంపల్లి నేతగాడికి రంగుల లెక్క, కట్టు కట్టే లెక్క ఎంత తెలుసో మూడు గంటల పేపరు చెప్పదు. మగ్గం దగ్గర నిలబడి ప్రశ్నలు వేస్తేనే తెలుస్తుంది. మిగతా షరతులన్నీ నాకు సమ్మతమే.

వీరిద్దరి మధ్య మిగిలిన తేడా కాలానికీ, పద్ధతికీ సంబంధించినది. అసలు విషయంలో ఇద్దరూ ఒక మాట మీదకు వచ్చారు. నా తీర్పూ అదే. పరీక్షించకుండా క్రెడిట్ ఇవ్వడం డిగ్రీని నమ్మినవాళ్లకు చేసే మోసం. పరీక్షించడానికే నిరాకరించడం కష్టపడి నేర్చుకున్నవాళ్లకు చేసే అన్యాయం. ఈ రెండింటి మధ్య దారి ఉంది, అది అధ్యాపకుడు శ్రద్ధగా వేసే ప్రశ్నల మీదుగా పోతుంది. కాబట్టి ఆ ప్రశ్నలు వేసేవాళ్లకు సమయం, జీతం, అధికారం ఇవ్వకుండా ప్రభుత్వాలు ఎన్ని ఫ్రేమ్‌వర్కులు ప్రకటించినా ప్రయోజనం లేదు.

మళ్లీ చదువు మొదలుపెట్టాలనుకునే పెద్దలకు ఒక మాట. ఎన్నేళ్లు పనిచేశారో చెప్పి ఊరుకోకండి. చేరబోయే కోర్సు సిలబస్ తెచ్చుకోండి. పాఠం పాఠం చదివి, ఏది వచ్చో, ఏది రాదో నిజాయతీగా గీత గీయండి. వచ్చినదానికి రుజువుగా మీరు రాసిన పుస్తకాలు, చేసిన పనులు, పొందిన శిక్షణల కాగితాలు జాగ్రత్త చేసుకోండి. ఆ తర్వాత కాలేజీకి వెళ్లి నన్ను పరీక్షించండి అని అడగండి. అది మీరు అడిగే దయ కాదు, న్యాయమైన కోరిక. అడిగిన మనిషిని పరీక్షించకుండా వెనక్కి పంపే కాలేజీ, ఎందుకు పంపిందో రాతపూర్వకంగా చెప్పాలి.